తిథి చూసి, ఎండ చూసి: వేసవిలో ఒక్క రోజు అంతర్వేది

మే నెల వచ్చేసరికి భీమవరం, పాలకొల్లు, తణుకు చుట్టుపక్కల ఏ కాలనీ సంఘంలో చూసినా, ఏ వాకర్స్ క్లబ్బులో చూసినా ఇదే మాట: "పిల్లలకి సెలవులు కదండీ, ఓ రోజు సముద్రానికి వెళ్ళొద్దామా?" వెళ్ళాల్సిందే. డెల్టాలో పుట్టి, సముద్రానికి రెండు గంటల దూరంలో ఉండి, ఏడాదికొక్కసారైనా అందరూ కలిసి వెళ్ళకపోతే ఎలా? కాకపోతే కార్తీకమాసం వనభోజనాలకు వేసినట్టు వేసవి యాత్రకు ప్లాన్ వేయకూడదు. కార్తీకంలో ఎనిమిదింటికి తీరిగ్గా బయల్దేరినా రోజు బాగానే గడుస్తుంది. మేలో అలా బయల్దేరితే పదింటికి ఇసుకలో దిగుతారు, పదిన్నరకి పెద్దవాళ్ళు నీడ కోసం వెతుక్కుంటారు, ఆ ఇసుక మీద నీడ ఉండదు. గోదావరి సముద్రంలో కలిసే అంతర్వేదికి వేసే ఈ యాత్రకు టైము పెట్టేది మనం కాదు, ఎండా పోటూ పెడతాయి.

ముందు తేదీ. అందరికీ కుదిరే ఆదివారాల్లో ఒకటి ఎంచుకునేటప్పుడు పంచాంగం తీసి తిథి చూడండి. పౌర్ణమి, అమావాస్యల చుట్టూ రెండు మూడు రోజులు పోటు బాగా ఎత్తున వస్తుంది, ఆటు బాగా వెనక్కి పోతుంది. నీటి లాగుడు కూడా ఎక్కువే. అష్టమి, నవమి రోజుల్లో సముద్రం కాస్త నెమ్మదిగా ఉంటుంది. పిల్లలతో వెళ్ళేవాళ్ళకు అవే మంచివి. రోజుకి రెండు పోట్లు, రెండు ఆట్లు. ఇవాళ వచ్చిన పోటు రేపు దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. అందుకే "పోయినసారి ఏడింటికి నీళ్ళు బాగున్నాయి" అన్న లెక్క ఈసారి పనికిరాదు. అంతర్వేది పల్లిపాలెం వైపు సముద్రం ఏటా ముందుకు కోసుకొస్తోంది. పోటు మీదున్నప్పుడు నిలబడటానికి ఇసుక అంతగా మిగలదు, కాబట్టి ఈ లెక్క అక్కడ మరీ అవసరం. రెండు రోజుల ముందు హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ వాళ్ళ సైటులో పోటు వేళలు, అలల హెచ్చరికలు చూసుకోవాలి. మే నెల తుపాన్ల కాలం కూడా. 1990 మేలో వచ్చిన పెను తుపాను, 2010 మేలో వచ్చిన లైలా పెద్దవాళ్ళకు ఇంకా గుర్తే. బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న మాట వినిపిస్తే మన ఊళ్ళో ఎండ కాస్తున్నా వాయిదా వేసెయ్యాలి. బస్సుకి అడ్వాన్సు ఇచ్చేటప్పుడే, వాతావరణం వల్ల తేదీ మారితే ఆ డబ్బు కొత్త తేదీకి చెల్లుతుందని కాగితం మీద రాయించుకోండి.

బయల్దేరే టైము తెల్లవారుజామున 4 గంటలు. మే చివర్లో ఇక్కడ సూర్యోదయం ఐదున్నర ప్రాంతంలో. ఆరు, ఆరుంబావుకి ఒడ్డుకు చేరితే తొమ్మిది దాకా సముద్రం మనది. తొమ్మిదికి ఇసుక ఖాళీ చేసేయాలి. నాలుగంటే నాలుగున్నర అవుతుందని ముందే లెక్కేసుకుని కొందరు మూడున్నర అని చెబుతుంటారు. ఆ పద్ధతి మంచిది కాదు. టైముకి వచ్చిన ముసలివాళ్ళు అరగంట వీధిలో నిలబడాల్సి వస్తుంది. మరుసటి ఏడు వాళ్ళు కూడా ఆలస్యంగానే వస్తారు. నాలుగు అని చెప్పి నాలుగింటికే బస్సు కదిలించండి.

దారి సంగతి. భీమవరం నుంచి వెళ్ళేవాళ్ళకి రెండు దారులున్నాయి. ఒకటి నరసాపురం మాధవాయిపాలెం రేవులో పంటు (బళ్ళనూ మనుషుల్నీ దాటించే పెద్ద పడవ) ఎక్కి, గోదావరి పాయ వశిష్ఠ దాటి సఖినేటిపల్లిలో దిగడం. రెండోది పాలకొల్లు మీదుగా వెళ్ళి చించినాడ వంతెన దాటి, దిండి నుంచి మలికిపురం, సఖినేటిపల్లి మీదుగా అంతర్వేది చేరడం. పంటు ప్రయాణం పిల్లలకి ఎంతో సరదా, కాదనను. కానీ 45 మందితో పెద్ద బస్సు వేసుకుని తెల్లవారుజామున పంటు మీద ఆధారపడొద్దు. రేవులో నీరు తక్కువగా ఉన్నప్పుడు పంటు ఒడ్డుకు ఆనడం ఆలస్యమవుతుంది. ఆదివారం అయితే బళ్ళ వరస కూడా ఉంటుంది. వెళ్ళేటప్పుడు వంతెన మీదుగానే వెళ్ళండి. తిరిగొచ్చేటప్పుడు తొందరుండదు కాబట్టి, సరదా పడేవాళ్ళను సఖినేటిపల్లి రేవులో దింపితే వాళ్ళు పంటు మీద నరసాపురం చేరతారు. బస్సు చుట్టూ తిరిగొచ్చి అక్కడ ఎక్కించుకుంటుంది. ఆ చుట్టు తిరగడానికి గంటకు పైగానే పడుతుంది. అందాకా నరసాపురంలో ఎక్కడ కూర్చోవాలో ముందే అనుకోండి.

బస్సు ఖర్చును సీట్లతో భాగించొద్దు. 49 సీట్ల బస్సు అయితే 40తో భాగించి తలకింత అని చెప్పండి. ఆఖరి రెండు రోజుల్లో జ్వరాలనీ, చుట్టాలొచ్చారనీ కొందరు తప్పకుండా మానేస్తారు. ఆ లోటు పూడ్చడానికి మళ్ళీ వసూలుకు తిరగడం కంటే, మిగిలితే తిరిగి ఇచ్చెయ్యడం నయం. డబ్బు కట్టని పేరు జాబితాలో ఉండకూడదు. డ్రైవరు బత్తా, టోలు, పార్కింగు ఎవరివో బేరంలోనే తేల్చుకోవాలి. ఇంకో మాట: బస్సును ఇసుక మీదకి పోనివ్వొద్దు. "ఏం కాదండీ, గట్టిగానే ఉందండీ" అంటాడు డ్రైవరు. పైన ఎండి గట్టిగా కనిపించే ఇసుక కింద మెత్తగా ఉంటుంది, వెనక చక్రాలు దిగబడితే ఇక కదలదు. అప్పుడు ఇంజను పెంచిన కొద్దీ ఇంకా లోతుకి పోతుంది. అందర్నీ దింపి, టైర్లలో గాలి కొంత తగ్గించి, చక్రాల కింద కొబ్బరి మట్టలు అడ్డంగా పరిచి, నెమ్మదిగా రెండో గేరులో తీయించాలి.

ఇక నీళ్ళు. ఈ యాత్రలో అన్నిటికంటే ముఖ్యమైన సామాను ఇదే. వేసవిలో డెల్టా కాలువలు మరమ్మతుల కోసం కట్టేస్తారని మనందరికీ తెలుసు. మనకు అది పొలాల విషయం. సముద్రతీరం ఊళ్ళకు అది తాగునీటి విషయం. అక్కడ బోరు వేస్తే ఉప్పునీళ్ళు పడతాయి. కాలువ కట్టేసే ముందు నింపి పెట్టుకున్న చెరువు నీళ్ళతోనే వాళ్ళు మళ్ళీ కాలువ వదిలేదాకా గడపాలి. అలాంటి చోటికి బస్సు నిండా మనుషులు దిగి, ఊరి కుళాయి దగ్గర బిందెలు నింపుకోవడం తప్పు. ఎవరూ ఏమీ అనరు, గోదావరి జిల్లాల వాళ్ళు నీళ్ళడిగితే లేదనరు. అందుకే మనమే చూసుకోవాలి. మనిషికి తాగడానికి 4 లీటర్ల చొప్పున 45 మందికి 180 లీటర్లు, అంటే ఇరవై లీటర్ల టిన్నులు 9. చేతులకీ గిన్నెలకీ ఇంకో 2. మొత్తం 11 టిన్నులంటే 220 కిలోలు. డిక్కీలో రెండు పక్కలా సమంగా సర్దాలి, పైన వేయకూడదు. గ్లాసులు స్టీలువి తీసుకెళ్ళండి.

ఐసు గురించి ఒక హెచ్చరిక. రొయ్యల వ్యాపారం పుణ్యమా అని మన వైపు ఐసు ఫ్యాక్టరీలకు కొదవ లేదు, దిమ్మ తేలిగ్గానే దొరుకుతుంది. కానీ అది చేపల మీదా రొయ్యల మీదా వేసే ఐసు, తాగే నీళ్ళతో చేసింది కాదు. సీసాలు చల్లబరచడానికి చుట్టూ వేసుకోవచ్చు, మజ్జిగలో మాత్రం వేయకూడదు. యాత్ర అయిన మర్నాడు సగం మందికి విరేచనాలు పట్టుకుంటే అందరూ పులిహోరను తిడతారు, తప్పు చాలాసార్లు ఐసుది. మజ్జిగకి గట్టి పెరుగు 5 లీటర్లు మూత బిగించిన క్యాన్లలో ఐసు మధ్య పెట్టి తీసుకెళ్ళి, అక్కడ నాలుగింతలు టిన్ను నీళ్ళు పోసి, ఉప్పు కాస్త ఎక్కువే వేసి ఇవ్వండి.

వంటల్లో కొబ్బరి పచ్చడి వద్దు. కోనసీమకి వెళ్తూ కొబ్బరి పచ్చడి వద్దంటున్నానని అనుకోకండి, మే ఎండలో ముందుగా పాడయ్యేది అదే. పొద్దుటి టిఫినుకి ఇడ్లీ మనిషికి నాలుగు, 180. నంజుకోవడానికి అల్లం పచ్చడి, కారప్పొడి, నెయ్యి. మధ్యాహ్నానికి పులిహోర, దద్ధోజనం, బంగాళాదుంప వేపుడు, కొత్తావకాయ, చల్ల మిరపకాయలు. అప్పడాలు దండగ. సముద్రపు గాలికి డబ్బా తీసిన పది నిమిషాల్లో మెత్తబడిపోతాయి.

పులిహోరకి 45 మందికి నాలుగున్నర కిలోల బియ్యం. చింతపండు 600 గ్రాములు, నూనె ముప్పావు లీటరు, పచ్చిమిర్చి పావుకిలో. పులుసు ముందు రోజు రాత్రే నూనె పైకి తేలేదాకా దగ్గరగా ఉడికించి ఉంచాలి. నీళ్ళు మిగిలిన పులుసు కలిపితే మధ్యాహ్నానికి వాసన వస్తుంది. అన్నం రాత్రి రెండున్నరకి వార్చి, ఉతికిన పంచె మీద పల్చగా పరిచి, పసుపూ కాస్త పచ్చినూనే చల్లి ఆరనివ్వాలి. ఆవిరి పూర్తిగా పోయాకే పులుసు, పోపు కలపాలి. ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. టైము లేదని వేడి మీద కలిపి, స్టీలు గిన్నెలో ఎక్కించి, మూత బిగించేస్తారు. లోపలి ఆవిరి మూతకి తగిలి నీళ్ళై అన్నం మీదే పడుతుంది, పై పొర జిగురొస్తుంది. పైగా గంటల తరబడి గోరువెచ్చగా ఉండే అన్నంలోనే క్రిములు పెరుగుతాయి. అందుకే హాట్‌ప్యాకులు కూడా వద్దు. వెడల్పాటి బేసిన్లలో నింపి, పైన అరిటాకు పరిచి, పల్చటి గుడ్డ కట్టండి. ఉల్లిపాయ ఎందులోనూ వేయకండి.

దద్ధోజనం ఇంట్లోనే పెరుగుతో కలిపి తీసుకెళ్తే పన్నెండుకల్లా పుల్లబడుతుంది. 3 కిలోల బియ్యం మెత్తగా వండి, వేడి మీదే మెదిపి, కాచి చల్లార్చిన పాలు 6 లీటర్లు పోసి, గోరువెచ్చగా ఉన్నప్పుడు పావులీటరు పెరుగు మాత్రమే కలపండి. అది దారిలో తోడుకుంటుంది. భోజనం వేళకి కమ్మగా ఉంటుంది. ఉప్పు, అల్లం, పోపు విడిగా తీసుకెళ్ళి వడ్డించే ముందు కలపాలి. ముందే ఉప్పేస్తే తోడు సరిగా పడదు.

దిగగానే చేయాల్సిన మొదటి పని సత్రం. అంతర్వేదిలో సత్రాలు చాలా ఉన్నాయి. రెండు గదులు ఆ ఒక్క పగలుకి అద్దెకు తీసుకోండి, వారం ముందే ఫోనులో మాట్లాడి పెట్టుకోండి. ఇది ఆడవాళ్ళ కోసం తప్పనిసరి ఖర్చు. మరుగుదొడ్డి ఎక్కడుందో తెలియని చోట ఆడవాళ్ళు నీళ్ళు తాగడం మానేస్తారు, వడదెబ్బకి అదే మొదటి మెట్టు. "అంత డబ్బు ఎందుకు, అలా చెట్ల వైపు వెళ్తారులే" అనే మగవాళ్ళ మాట కమిటీలో చెల్లనివ్వకండి.

ఇప్పుడు స్నానాలు. ఇక్కడ తొందరపడకుండా చదవండి.

ఒడ్డుకు చేరగానే ఎవర్నీ నీళ్ళలోకి దిగనివ్వకుండా పది నిమిషాలు అలలను చూడండి. అలలు మోసుకొచ్చిన నీళ్ళన్నీ వెనక్కి పోవడానికి దారి కావాలి. నీటి కింద ఇసుక మెరకలో ఎక్కడో పల్లం ఉంటే, అన్నీ ఆ పల్లంలోంచే జోరుగా లోపలికి పోతాయి. పైకి అది ఎలా కనిపిస్తుందంటే, అటూ ఇటూ అలలు తెల్లగా విరుగుతుంటాయి, మధ్యలో ఒక పట్టీ మేర అల విరగదు. అక్కడ నీళ్ళు కాస్త ముదురు రంగులోనో, ఇసుక కలిసి బురదగానో ఉంటాయి. నురగా చెత్తా ఒడ్డుకి రాకుండా లోపలికి పోతుంటాయి. అలల్లేవు, ప్రశాంతంగా ఉంది అనుకుని పిల్లల్ని తీసుకుని జనం వెళ్ళేది సరిగ్గా అక్కడికే. లాక్కెళ్ళేదీ అదే. అలాంటి చోటుకి రెండు పక్కలా కర్రలు పాతి, ఎర్ర గుడ్డ కట్టి, ఆ మధ్యన ఎవరూ దిగకూడదని చెప్పండి. గంటకోసారి మళ్ళీ చూడండి, ఎందుకంటే నీరు తగ్గుతున్న కొద్దీ పల్లం చోటు మారుతుంది. అందులో ఎవరైనా చిక్కుకుంటే ఒడ్డుకి ఎదురీదకూడదు. గజ ఈతగాడైనా అలిసిపోతాడు. ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈదితే ఆ పట్టీ దాటాక అలే ఒడ్డుకి తోస్తుంది. ఈత రానివాళ్ళు వెల్లకిలా తేలుతూ చెయ్యెత్తాలి.

ఒడ్డు మీద ఎప్పుడూ ఇద్దరు పొడి బట్టలతో, మెడలో ఈలతో నిలబడాలి. వాళ్ళకి ఫోనులో ఫోటోల పని పెట్టకండి. వాళ్ళ దగ్గర 30 మీటర్ల నైలాను తాడు, దాని చివర మూత గట్టిగా బిగించిన ఖాళీ టిన్ను ఒకటి ఉండాలి. ఖాళీ ఇరవై లీటర్ల టిన్ను పట్టుకున్న మనిషి మునగడు. ఎవరైనా కొట్టుకుపోతుంటే ఇంకొకరు దూకడం కాదు, టిన్ను విసరాలి. ఇలాంటి వార్తల్లో కాపాడటానికి దిగినవాడు కూడా పోవడం ఎన్నిసార్లు చదవలేదు?

పిల్లలకి మోకాలి లోతు, పెద్దలకి నడుం లోతు, అంతే. అలకి వీపు పెట్టకూడదు. చీర, పంచె, లుంగీ తడిసి కాళ్ళకి చుట్టుకుంటాయి. పంజాబీ డ్రెస్సో, నిక్కరో వేసుకోమనండి. మందు తాగినవాళ్ళని నీళ్ళలోకి రానివ్వొద్దు, అది ఎవరి బావగారైనా సరే. బురద నీళ్ళలో కాళ్ళు ఎత్తి వేయకుండా ఈడుస్తూ నడిస్తే అడుగున పడుకున్న టేకు చేప తప్పుకుంటుంది. తొక్కితే ముల్లు దిగుతుంది. అప్పుడు ఓర్చుకోగలిగినంత వేడి నీళ్ళలో కాలు ముంచి ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఫ్లాస్కులో వేడి నీళ్ళు తెచ్చుకుంటే ఇలా అక్కరకొస్తాయి. జెల్లీ చేప తగిలితే రుద్దకుండా సముద్రపు నీళ్ళతోనే కడగాలి. 108, 112 నంబర్లు అందరి ఫోన్లలోనూ ఉండాలి. అటువైపు పెద్ద ప్రభుత్వాసుపత్రి రాజోలులో ఉంది.

వశిష్ఠ సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ళ గట్టు తప్పకుండా చూడాలి. ఒక పక్క గోదావరి నీటి రంగు, ఇంకో పక్క సముద్రపు రంగు విడివిడిగా కనిపిస్తాయి. పొద్దున్నే వెళ్తేనే హాయి. కానీ అక్కడ స్నానం వద్దు. ఆటు వేళ నది ఒరవడి, సముద్రపు లాగుడు ఒకే వైపు కలుస్తాయి. ఇసుక కూడా ఉన్నట్టుండి లోతుకి తెగిపోతుంది.

స్నానాలయ్యాక సత్రంలో మంచినీళ్ళు ఒళ్ళు మీద పోసుకుని, టిఫిను చేసి, పదికల్లా దర్శనానికి వెళ్ళొచ్చు. లక్ష్మీనరసింహస్వామి వారి ఇప్పటి ఆలయాన్ని ఓడల వర్తకుడు కొపనాతి కృష్ణమ్మ కట్టించారు, 1823లో పూర్తయింది. 2020 సెప్టెంబరులో పాత రథం కాలిపోయాక 2021లో కొత్తది సిద్ధమైంది. పిల్లలకి దగ్గర నుంచి చూపించండి. దేవస్థానం నిత్యాన్నదానానికి వెళ్ళాలనుకుంటే 45 మంది ఒక్కసారిగా వెళ్ళి కూర్చోకుండా ముందు రోజే కబురు చేయండి. గుడి కూడా ఉంది కాబట్టి ఆ రోజుకి అందరికీ శాకాహారమే పెట్టడం మంచిది. ఈ విషయంలో ఏటా వచ్చే గొడవ దానితో తీరిపోతుంది.

చేపల మీద ఆశ ఉన్నవాళ్ళకి ఇంకో సంగతి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. ఆ రోజుల్లో సముద్రపు చేప తక్కువ, ధర ఎక్కువ. దొరికే రొయ్యలు చెరువువే. మేలో పులస అని ఎవరైనా అమ్మితే కొనకండి. పులస వరద గోదావరిలో, ఎర్రనీళ్ళు వచ్చాకే.

పదకొండు నుంచి మూడున్నర దాకా సత్రం నీడలోనో, కొబ్బరి తోటలోనో ఉండాలి. మామూలుగా పగలు ముదిరేసరికి సముద్రం మీంచి చల్లగాలి మళ్ళుతుంది. పదకొండైనా పడమటి గాలి వీస్తూనే ఉంటే ఆ రోజు ఎండ మామూలుగా ఉండదని అర్థం, బయటి కార్యక్రమాలన్నీ మానేయండి. తీరంలో గాలి తడిగా ఉంటుంది, చెమట ఆరదు, అందుకే 38 డిగ్రీలే కదా అనుకున్నా ఒళ్ళు తట్టుకోదు. బీపీకి నీటి బిళ్ళలు (ఒంట్లో నీటిని మూత్రంలో పోగొట్టే మందులు) వేసుకునే పెద్దవాళ్ళకి ఒళ్ళు త్వరగా ఎండుతుంది, వాళ్ళు బయల్దేరే ముందే డాక్టరుని అడగాలి. ఓఆర్ఎస్ పొట్లాలు 30 తీసుకెళ్ళండి. అయిపోతే లీటరు నీళ్ళకి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, టీ చెంచాతో తలగొట్టి కొలవండి. మాట తడబడి, ఒళ్ళు కాలిపోతుంటే అది వడదెబ్బ. తాగించే ప్రయత్నం చేయకుండా తడి గుడ్డలు కప్పి, విసురుతూ 108కి ఫోను చేయాలి.

భోజనాలయ్యాక మలికిపురం వైపు తోటల్లోంచి తెప్పించిన బొండాలు, దొరికితే తాటి ముంజలు. బొండాలు గెలగా బేరమాడితే చవక, కత్తి పట్టే మనిషి కూడా వాళ్ళదే. బొండంలో ఉప్పు తక్కువ, చెమటతో పోయిన ఉప్పు దానితో పూర్తిగా రాదు, కాబట్టి మజ్జిగ మానకండి. కిడ్నీ జబ్బున్నవాళ్ళకి బొండం ఇవ్వకూడదు.

మనుషుల లెక్కకి 45 మందిని ఐదు జట్లుగా చేసి, జట్టుకి తొమ్మిది మంది, ఒక పెద్ద. బస్సు ఎక్కిన ప్రతిసారీ ఐదుగురు పెద్దలూ "తొమ్మిది" అని చెప్పాలి. ఒక్కరే 45 తలలు లెక్కపెడితే లేచి తిరిగే పిల్లల వల్ల తప్పు పోతుంది. స్నానాలు ముగిశాక ఇసుక మీద నిలబెట్టి ఒకసారి, దర్శనం అయ్యాక గాలిగోపురం దగ్గర ఒకసారి లెక్క తప్పనిసరి.

నాలుగింటికి తిరుగు ప్రయాణం. విస్తళ్ళు, సీసాలు, టీ కప్పులు రెండు గోనె సంచుల్లో మన బస్సులోనే మన ఊరికి రావాలి. ఎండుచేపలు కొన్నవాళ్ళు రెండు కవర్లలో కట్టి డిక్కీలో పెట్టాలి. ఉప్పునీళ్ళు తగిలిన బేసిన్లు, తాడు, కత్తులు ఆ రాత్రే మంచినీళ్ళతో కడగండి, తెల్లారేసరికి ఇనుము తుప్పు పడుతుంది. బస్సు, సత్రం, వంట, నీళ్ళు, బొండాలు అని పద్దుల వారీగా లెక్క రాసి మర్నాడు సాయంత్రంలోగా గ్రూపులో పెట్టి, మిగిలింది ఎవరిది వాళ్ళకి పంపించేయండి.